పుట్టను చదును చేయమన్న మా కాలనీ సంఘానికి

పర్లాకిమిడి
దీపావళికి ఆరు రోజుల ముందు

గౌరవనీయులైన మా కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, సభ్యులందరికీ నమస్కారాలు.

మీరు నా గేటుకి అంటించిన నోటీసు చదువుకున్నాను. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి అంటించారు, సంతోషం. ఒడియాలో ‘పరిష్కార’ అనీ తెలుగులో ‘శుభ్రం’ అనీ రాసిన ప్రతి చోటా నాకు ఒకే అర్థం కనిపించింది: పచ్చగా ఏదీ మిగలకూడదు. పెరట్లో పొదలు కొట్టేయాలి. రాలిన ఆకు ఊడ్చి తగలబెట్టాలి. ముంగిలికి పేవర్ టైల్స్ వేయించాలి. మట్టిదిబ్బలుంటే చదును చేయాలి. పదిహేను రోజుల్లో చేయకపోతే సంఘమే కూలీలను పెట్టి చేయించి, 500 రూపాయలు వసూలు చేస్తుంది. నోటీసు అందరికీ అన్నారు గానీ, ఎర్ర ఇంకుతో రాసి కింద రెండు గీతలు గీసిన ఇంటి నంబరు మాత్రం నాదొక్కటే.

ఈ జవాబు కవరులో పెట్టి కార్యదర్శి గారి చేతికి ఇవ్వొచ్చు. కానీ నోటీసు నలుగురికీ కనపడేలా అంటించారు కాబట్టి జవాబూ నలుగురూ చదివేలా రాస్తున్నాను. గిడుగు రామమూర్తి పంతులు గారు మేష్టారుగా పనిచేసిన ఊరు మనది. మాట్లాడుకున్నట్టే రాస్తాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మీకందరికీ తెలియదేమో, నా ఉద్యోగంలో సగం పని గడ్డి పీకడమే. 1984లో రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి, కీమేన్‌గా రిటైరయ్యాను. చేరినప్పుడు నౌపడా నుంచి గుణుపురం దాకా రెండున్నర అడుగుల చిన్న రైలు నడిచేది. 2004లో అది ఆగిపోయాక నన్ను మెయిన్ లైన్‌కి పంపారు. పెద్ద పట్టాలు పడ్డాక మళ్లీ ఇటు వచ్చాను. ఏ పట్టా అయినా పని ఒకటే. రోజూ నా బీటు ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి, పట్టాని పట్టి ఉంచే ‘కీ’లు వదులైతే బిగించాలి, చూసింది చెప్పాలి.

కంకరలో ఒక్క గడ్డిపోచ కనిపించినా పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరు, మా పి.డబ్ల్యు.ఐ. గారు ఊరుకునేవారు కాదు. కంకరలో మొక్క మొలిస్తే మట్టి పడుతుంది, మట్టి పడితే నీరు దిగదు, నీరు దిగకపోతే పట్టా కుంగుతుంది. మళ్లీ అదే పెద్దాయన, రైలు కట్ట వాలు మీద గడ్డిని మేకలు మేసేస్తుంటే కేకలు వేసేవారు. వాలు మీద గడ్డి లేకపోతే పెద్ద వానకి మట్టి జారిపోతుంది. కొత్తగా కట్ట పోసిన చోట గడ్డి దుబ్బులు తెచ్చి మేమే నాటేవాళ్లం. పొద్దున్న కంకరలో పీకిన చేతులతో సాయంత్రం వాలు మీద నాటిన రోజులున్నాయి. కొత్తలో ఇదేం ఉద్యోగంరా బాబూ అని నవ్వుకునేవాణ్ణి. గడ్డి మంచిదా చెడ్డదా అని మా పెద్దాయన ఎన్నడూ అడగలేదు. ‘ఎక్కడుంది?’ అని మాత్రం అడిగేవారు.

నా పెరటిని నేను ఈ లెక్కలోనే నడుపుతున్నాను. ఇంటి గోడ చుట్టూ మూడడుగులు కంకర రూలు. అక్కడ ఆకు కూడా ఉండనివ్వను, కట్టెలు పేర్చను, ఇటుకలు పెట్టను. గుమ్మం దగ్గర చీపురు రోజుకి రెండుసార్లు తిరుగుతుంది, కావాలంటే మా ఆవిడను అడగండి. వెనక మూల మాత్రం కట్ట రూలు. ఆ మూల ఆరు గజాల పొడవు, నాలుగు గజాల వెడల్పు. అందులో కానుగ, సీతాఫలం, ఒక జిల్లేడు, రెండు కరివేపాకు మొక్కలు, నందివర్ధనం, కింద తుమ్మి, గుంటగలగరాకు, పొన్నగంటి. ఒక పక్కన పుట్ట. మీరు నోటీసులో ‘మట్టిదిబ్బ’ అని రాసింది దాన్నే అనుకుంటాను. దాని సంగతి చివర్లో చెప్తాను.

నోటీసు ఎందుకు వచ్చిందో నాకు తెలియకపోలేదు. మన కాలనీ మూడో లైన్‌లో పిల్లాడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఆ తల్లిదండ్రులు పడిన టెన్షన్ కాలనీ అంతా చూసింది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్న మా మనవరాలిని వెంటబెట్టుకుని, టార్చిలైటు పట్టుకుని రెండు సాయంత్రాలు పధ్నాలుగు ఇళ్లు తిరిగాను. ఇంటివాళ్లను అడిగే లోపలికి వెళ్లాం. నీళ్లలో తోక ఆడిస్తూ మెలికలు తిరిగే దోమ పిల్లలు పదకొండు చోట్ల దొరికాయి. పొదలో ఒక్కటీ లేదు, మట్టిలో ఒక్కటీ లేదు. సిమెంటు తొట్లలో మూడు చోట్ల, మూత లేని డాబా ట్యాంకులో, వేసవి అయ్యాక కడగకుండా వదిలేసిన కూలరులో, ఫ్రిజ్ వెనక ట్రేలో, మనీప్లాంటు పెట్టిన సీసాలో, రెండు పూలకుండీల కింది పళ్లేల్లో, డాబా మీద పడేసిన కొబ్బరి చిప్పలో. పదకొండోది ఎక్కడో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మా ఇంట్లోనే. పిట్టలు తాగుతాయని పెట్టిన మట్టి మూకుడులో. కూతురింటికి వెళ్లి తొమ్మిది రోజులు ఉండిపోయాం, ఆ తొమ్మిది రోజులూ నీళ్లు మార్చినవాళ్లు లేరు.

డెంగీ దోమకి మురుగు గుంట అక్కర్లేదు. మన ఇంట్లో, మన కళ్ల ముందు నిలిచిన మంచినీళ్లే దానికి ఇష్టం. గుడ్డు పెట్టాక ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. గుడ్లు తొట్టి గోడకి అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోసినా నెలల తరబడి ఎండి కూర్చుంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే లేస్తాయి. అందుకని ఒట్టిగా పారబోస్తే సరిపోదు, వారానికోసారి కొబ్బరిపీచు పెట్టి తొట్టి గోడ రుద్దాలి. ఇప్పుడు మా మూకుడుకి రెండు రోజులకోసారి ఆ శాస్తి జరుగుతోంది. పైగా మీరు వేయించమంటున్న పేవర్ టైల్స్ ఎక్కడ కుంగితే అక్కడ ఒక చిన్న గుంట. మట్టిలో పడిన వాన గంటలో ఇంకిపోతుంది, ఆ గుంటలో వారం ఉంటుంది. దోమ మీద యుద్ధానికి బయలుదేరి దోమకే తొట్టి కట్టిస్తున్నాం.

పిల్లాడి ఇంటి పక్క ఖాళీ స్థలంలో పాత టైర్లు ఉన్నాయి, అధ్యక్షుల వారు గమనించే ఉంటారు.

ఇక పాములు. ఇది దోమ కంటే పెద్ద భయం, ఇక్కడ నేనూ జాగ్రత్తగా మాట్లాడతాను. ఒడిశా ప్రభుత్వం పాముకాటును రాష్ట్ర విపత్తుల లెక్కలో చేర్చింది, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తుంది. విపత్తు అన్నారంటే ఎంతమంది పోతున్నారో ఆలోచించండి. మా గ్యాంగులో ఒకతన్ని రక్తపింజర కాటేసింది. గడ్డిలో కాదు. పక్కన పేర్చి ఉంచిన, పట్టాల కింద వేసే పాత స్లీపరు దిమ్మ ఎత్తుతుంటే కింద నుంచి. కట్టు కట్టకుండా, మంత్రానికి తిప్పకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లి మందు వేయించాం కాబట్టి బతికాడు. ఆ రోజు నుంచి పేర్చి వదిలేసిన దేని కిందా నేను చెయ్యి పెట్టను. ఈ మాట ఎందుకంటే, కమ్యూనిటీ హాలు వెనక సంఘం వారి ఇటుకల కుప్ప, మిగిలిన ఇసుక, విరిగిన పైపులు రెండేళ్లుగా ఉన్నాయి. పిల్లలు బంతి కోసం అక్కడికే వెళ్తారు. పాము దాక్కోవడానికి నా కానుగ నీడ కంటే ఆ కుప్ప ఎంతో అనువు. ముందు దానికో నోటీసు అంటించండి.

కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కాటేస్తుంది. దానికి విరుగుడు మంచం, దోమతెర, తలుపు కింద సందు మూయడం. పెరట్లో పొద కొట్టేస్తే అది రాదని నమ్మి ఇంట్లో నేల మీద పడుకుంటే మోసపోతాం. పాము మన కోసం రాదు, ఎలక కోసం వస్తుంది. ఎలక మన చెత్త కోసం, బియ్యం బస్తా కోసం వస్తుంది.

రెండు నెలల క్రితం ఒక సభ్యుల వారి మెట్ల కింద కొట్టి చంపిన పామును నేను చూశాను. పొడుగు చూసి నాగుపాము అన్నారు. అది జెర్రిపోతు. పడగ ఉండదు, పెద్ద కళ్లు, విషం బొత్తిగా లేదు. దాని తిండి ఎలకలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం కూడా. ఇప్పుడు అదే ఇంట్లో స్కూటరు వైర్లు ఎలకలు కొరికేస్తున్నాయని విన్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను, ఊరికే చెప్తున్నాను.

పేవర్ టైల్స్ లెక్క కూడా ఒకసారి చూద్దాం. మా అమ్మ ఉన్నన్నాళ్లూ ‘అయిదు సెంట్ల స్థలం’ అనేది, పట్టాలో అయిదు డిసిమిల్ అని ఉంది, రెండూ ఒకటే. సగంలో ఇల్లు, సగం ఖాళీ. ఆ రెండున్నర డిసిమిల్ అంటే సుమారు నూరు చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు వాన పడితే దాని మీద వెయ్యి లీటర్లు పడినట్టు, అంటే డాబా మీద నల్లట్యాంకు నిండా. మన వైపు ఏడాదికి 120 సెంటీమీటర్ల పైనే కురుస్తుంది. నా ఖాళీ స్థలం ఒక్కదాని మీదే లక్షా ఇరవై వేల లీటర్లు పడుతుందన్నమాట. మట్టిగా ఉంటే అందులో చాలా భాగం ఇంకి బావిలోకి చేరుతుంది. సిమెంటు చేస్తే మొత్తం కాలవలోకి పోతుంది. మన కాలనీలో 84 ఇళ్లు. అందరం కలిసి ఒకే గంటలో ఒకే కాలవలోకి వదిలితే ఆ నీళ్లు ఎవరి గుమ్మంలోకి వెళ్తాయో వేరే చెప్పక్కర్లేదు, పల్లంలో ఉన్న ఒకటో లైన్‌ వాళ్లను అడగండి. నాకు మేస్త్రీ చెప్పిన ఖర్చు అరవై అయిదు వేలు. అంత డబ్బు పెట్టి బావి ఎండగట్టుకోవడం నా పెన్షనుకి తగిన సరదా కాదు.

తిత్లీ గుర్తుందా మీకు? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి నేనింకా సర్వీసులోనే ఉన్నాను. మహేంద్రతనయ, వంశధార పొంగాయి. గాలి ఆగాక మా సెక్షన్‌లో నడిచి చూస్తే, గడ్డి దట్టంగా పట్టిన కట్ట నిలబడింది, ఆ ఏడే మట్టి పోసి గడ్డి పట్టకుండా ఉన్న చోట పెద్ద కోత పడింది. ఇంటికి వచ్చి చూస్తే వీధిలో గుల్‌మొహర్‌లు మొదటే పడి ఉన్నాయి. మొదలు చుట్టూ మెడదాకా సిమెంటు పోసిన చెట్లు ఆ సిమెంటు పలకతో సహా పెళ్లగించుకుని పడ్డాయి. కానుగలకి కొమ్మలు విరిగాయి గానీ వేళ్లు కదల్లేదు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మనం 2018లో కళ్లారా చూసి కూడా మళ్లీ పోయించుకుంటున్నాం.

ఈ కానుగ మాట వచ్చింది కాబట్టి రోడ్డు వారన మీరు నాటబోతున్న మొక్కల సంగతి కూడా అడుగుతాను. పార్కు మూల మేడి చెట్టునీ, పక్కన రెండు కానుగలనీ తీసేసి, వరసగా అరవై కోనోకార్పస్ మొక్కలు పెడతారట. తొందరగా పెరుగుతుంది, కత్తిరిస్తే గోడలా నిలుస్తుంది, ఆకు రాలదు, ఫొటోలో బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అది మన నేలది కాదు. దాని వేళ్లు పైపుల్నీ కేబుళ్లనీ కాలవల్నీ పాడు చేస్తున్నాయని, పుప్పొడి వల్ల జలుబు, ఉబ్బసం ఎక్కువవుతున్నాయని గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటకుండా ఆపేసింది. వేరే రాష్ట్రం వాళ్లు డబ్బు పోసి నేర్చుకున్న పాఠం మనకి ఉచితంగా దొరికింది, వాడుకోవద్దా?

మేడి చెట్టు కింద చెత్త పడుతుందని కొట్టేయాలన్నారు. పండు పొట్ట నిండా పురుగులని వెక్కిరించడం మనవాళ్లకి పాత అలవాటు. ఆ చిన్న కందిరీగ లోపలికి దూరి పుప్పొడి చేరిస్తే తప్ప ఆ చెట్టుకి విత్తనమే లేదు. పండిన రోజుల్లో పొద్దున్నే వెళ్లి చూడండి, కోకిల, గోరింక, పికిలిపిట్ట, కంసాలి పిట్ట, రాత్రయితే గబ్బిలాలు, కింద పడినదానికి ఉడతలు. మార్కెట్లో సగం పళ్లు లేని రోజుల్లో కూడా ఆ చెట్టు వాటికి తిండి పెడుతుంది. మహేంద్రగిరిని 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. కొండకి బోర్డు పెట్టాం, మంచిదే. ఆ కొండ దిగి వచ్చిన పిట్ట ఊళ్లో ఒక పూట వాలడానికి ఉన్న చెట్టుని మాత్రం తీసేస్తామంటున్నాం.

కాలవ గట్టున మందు కొట్టించడం ఒక్కటి నాకు నిజంగా కోపం తెప్పించింది. పోయిన నెల సంఘం తరఫున ఒక కుర్రాడు పంపు వీపున వేసుకుని కాలవ వారంతా కలుపు మందు కొట్టాడు. చేతికి తొడుగు లేదు, ముఖానికి గుడ్డ లేదు. మా మనవరాలు డబ్బా మీద చదివి గ్లైఫోసేట్ అని చెప్పింది. తర్ఫీదు పొందిన పెస్ట్ కంట్రోల్ వాళ్లు తప్ప ఎవరూ దాన్ని వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. ఆ గట్టున పొన్నగంటి కూర, గలిజేరు కోసుకెళ్లే ఆడవాళ్లు ఉన్నారు. మర్నాడు పొద్దున్నే ఒకామె ఒడినిండా కోసుకుని వెళ్తుంటే నేను పరుగెత్తి ఆపాను. ఆమె నన్ను చూసి, కూర కోసుకున్నందుకు గొడవకి వచ్చాననుకుని నాలుగు మాటలంది. మందు కొట్టిన సంగతి చెప్పాక ఆ కూర అక్కడే వదిలేసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. వండుకున్న వాళ్లు ఇంకెవరున్నారో నాకు తెలీదు. మీకూ తెలీదు.

ఆకు తగలబెట్టడం గురించి ఎక్కువ రాయను. 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలే వీధిలో చెత్త తగలబెట్టవద్దని చెప్పాయి. తోటలో రాలిన ఆకుని వేరుగా, మన ఆవరణలోనే ఉంచుకోమన్నాయి. నేను మూడడుగుల గుంట తీసి, మూడు గంపల ఎండాకు, ఒక గంప వంటింటి చెత్త, పైన కాస్త పేడనీళ్లు వేస్తాను. మొదటిసారి ఆత్రపడి వంటింటి చెత్త ఎక్కువ వేశాను. వాసన తట్టుకోలేక మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. ఎండాకు దట్టిస్తే వాసన పోయింది. నాలుగు నెలలకి నల్లటి ఎరువు. దాని కింద నలికిరిలు, వానపాములు, ఒక బోదురు కప్ప కాపురం. ఆ కప్ప రాత్రి వసారా లైటు కింద కూర్చుని పడిన పురుగునల్లా తింటుంది. దోమల మందు కాయిల్ కంటే చవక.

నా వైపు తప్పులు కూడా చెప్పాలి. మా మునగ చెట్టుకి గొంగళి పురుగులు పట్టి పక్కింటి గోడ మీదకి పాకాయి, వాళ్ల పాపకి దద్దుర్లు వచ్చాయి. అది నా తప్పే. ఆ చెట్టు మొదలుకంటా కొట్టించాను, వాళ్ల గోడ వైపు ఇక మునగ పెట్టను. కాకరతీగ రెండుసార్లు వాళ్ల డాబా ఎక్కింది, దాన్నీ లాగేశాను. కరివేపాకు మీద పురుగుల విషయంలో మా ఇంట్లోనే పంచాయితీ జరిగింది. ఆకు మీద పిట్ట రెట్టలాగా కనిపించేది నిజానికి సీతాకోకచిలుక పిల్ల అని మనవరాలు చూపించింది. మా ఆవిడ ‘చారులోకి నాకు ఆకు కావాలా, దాని పిల్లలకి కావాలా’ అంది. చివరికి రెండు మొక్కలు పెట్టాం. వంటింటి కిటికీ దగ్గరది ఆవిడది, వెనక మూలది పురుగులది. ఆవిడ మొక్క మీద పురుగు కనపడితే తుంచి తీసుకెళ్లి రెండో మొక్క మీద పెడుతుంది. తిట్టుకుంటూనే పెడుతుంది. జిల్లేడు మీద పెరిగే నారింజ రంగు సీతాకోకకి మాత్రం ఇంట్లో పోటీ లేదు, దాని ఆకు మనమెవరం తినం కదా.

పిచ్చుకలు కూడా వచ్చాయి, పొద వదిలిన మూడేళ్ల తర్వాత. వసారా చూరుకి సంక్రాంతికి వరికంకుల కుచ్చు కట్టడం మా నాన్న నాటి అలవాటు. చాలా ఏళ్లు కట్టింది కట్టినట్టే ఎండిపోయేది. పిచ్చుక పెద్దయ్యాక గింజ తింటుంది గానీ గూట్లో పిల్లకి పురుగే పెట్టాలి. పొద లేని చోట పురుగెక్కడిది? నేను కుచ్చు కట్టడం మొదటి నుంచీ మానలేదు, పొద వదిలాకే అవి వచ్చాయి. ఒడియా వాళ్లు దాన్ని ఘరచటియా అంటారు, ఇంటి పిట్ట. ఎదురింటి ఒడియా పిల్లలు, మా వీధి తెలుగు పిల్లలు కలిసి మా గోడ ఎక్కి గూడు చూస్తున్నారు. ఒకడు కింద పడ్డాడు కూడా, మోకాలు గీసుకుపోయింది, వాళ్ల అమ్మగారి దగ్గర నేనే మాట పడ్డాను.

కాబట్టి నేను అడిగేది ఇది. నోటీసు వెనక్కి తీసుకోండి. దాని బదులు ఇంకో నోటీసు వేయండి, నేనే అంటిస్తాను, రెండు భాషల్లోనూ. ఇంటి గోడ చుట్టూ మూడడుగులు ఎవరైనా శుభ్రంగా ఉంచాల్సిందే, అక్కడ ఇటుక కుప్ప, కట్టెల మోపు ఉండకూడదు. ఆ మూడడుగులు దాటాక ఒక మూల వదిలేస్తానన్న వాళ్లని వదిలేయనివ్వండి. శుక్రవారం శుక్రవారం తొట్లు, కూలర్లు, ట్యాంకు మూతలు చూడడానికి ప్రతి లైన్‌కి ఇద్దరు ఉండాలి, మా లైన్‌కి నేనూ మా మనవరాలూ. వయ్యారిభామ, లంటానా కనపడితే వేళ్లతో సహా పీకేద్దాం, పూత రాకముందే పీకాలి, చేతులకి తొడుగులు వేసుకుని. అందులో నాకు అభ్యంతరం లేదు, ముప్పై అయిదేళ్ల అనుభవం ఉంది, గునపం నాదే తెస్తాను. కలుపు మందు మాత్రం వద్దు. టైల్స్ వేయించుకోవాలని ముచ్చటపడేవాళ్లు బండి నిలిపే మేరకే వేసుకుని, సందుల్లో గడ్డి పెరగనిస్తే వాన దిగడానికి కాస్త దారి ఉంటుంది. అరవై మొక్కల డబ్బు ఇంకా కట్టకపోతే ఆపేయండి. పాల కవర్లలో కానుగ విత్తనాలు వేశాను, నలభై దాకా మొలిచాయి, ఒక నేరేడు, రెండు పొగడలు కూడా ఉన్నాయి. వచ్చి పట్టుకెళ్లండి. పార్కు మేడి కొమ్మలు రోడ్డు మీదకి వచ్చాయన్న మాట నిజమే, గూళ్లు లేని రోజుల్లో ఆ కొమ్మల వరకు కొట్టిద్దాం.

500 రూపాయలు మాత్రం ఇవ్వను. కూలీలు వస్తే టీ ఇచ్చి పంపిస్తాను.

ఇక పుట్ట. మీరిచ్చిన పదిహేను రోజుల గడువు సరిగ్గా నాగుల చవితి ముందు రోజుతో తీరిపోతుంది. క్యాలెండరు చూసుకుని పెట్టారో, చూసుకోకుండా పెట్టారో నాకు తెలీదు. కాలనీలో మిగిలిన పుట్ట అదొక్కటే. పార్కులోది వాకింగ్ ట్రాక్ కింద పోయింది, స్కూలు వెనకది గోడ కింద పోయింది. అప్పటి నుంచీ ఒడియా ఇళ్లూ తెలుగు ఇళ్లూ కలిపి యాభై కుటుంబాల దాకా తెల్లారగట్ల మా పెరటి గేటు ముందు నిలబడుతున్నారు. పోయినసారి అధ్యక్షుల వారి ఇంటి నుంచి కూడా వచ్చారు, చిమ్మిలి చాలా బాగుంది, మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. కార్యదర్శి గారు తమ చేతుల్తో పుట్టమన్ను తీసి పిల్లల చెవులకి పెట్టారు. ఆ మన్ను చెదపురుగులు మోసింది. ఈ పదకొండేళ్లలో అక్కడ నాగుపామును నేను రెండుసార్లే చూశాను, రెండుసార్లూ అదే నన్ను చూసి వెళ్లిపోయింది.

ఈ ఏడూ చవితి రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకే వెనక గేటు తీసి ఉంచుతాను. గేటు నుంచి పుట్ట దాకా దారి శుభ్రం చేసి, లైటు పెడతాను. వచ్చేవాళ్లకి రెండు మనవులు. పాలు పాముకి ఆహారం కాదు, పుట్టలో బిందెల కొద్దీ పోస్తే లోపల కుళ్లుతుంది, ఒక చెంచా చాలు, మిగిలినవి పిల్లలకి పట్టించండి. పాల ప్యాకెట్లు, కోడిగుడ్డు అట్టలు, అగరొత్తుల కవర్లు ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి. పోయినసారి రెండు గంపలు ఎత్తాను.

ఇట్లు,
నోటీసులో ఎర్ర ఇంకు ఇంటి యజమాని